చెవుల మేస్త్రి కుడి పక్క

ఆస్పత్రి రెండో అంతస్తులో, ఎక్స్‌రే గదిని ఆనుకుని, కిటికీ లేని గదొకటి ఉంది. డాక్టర్లు రికార్డు చేసి పంపిన రిపోర్టుల్ని విని టైపు చేసే నలుగురు అందులో కూర్చుంటారు. వాళ్లలో పెద్దాయన్ని అందరూ మేస్త్రి అంటారు. ఆయన కట్టిన గోడ ఈ భూమ్మీద ఎక్కడా లేదు. హెడ్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఆ బిరుదు అందుకే.

ఆయన సొంత హెడ్‌ఫోన్లకి పెద్ద చరిత్రే ఉంది. మెత్తలు చిట్లి పొట్టు రాలుతుంటే పాత స్వెట్టరు చేతులు కత్తిరించి తొడుగులు కుట్టాడు. నడినెత్తిన నొక్కే పట్టీకి తువ్వాలు ముక్క చుట్టాడు. వైరు వంగి తెగే చోట బాల్‌పెన్ను స్ప్రింగు ఎక్కించాడు. గొంతులు రేకు డబ్బాలో మాట్లాడినట్టు మోగుతున్నాయని డొప్పలు విప్పి, స్పీకర్ల వెనక చిటికెడు దూది పరిచాడు. దాంతో ఎముకల డాక్టరు గొంతు నూతిలోంచి పైకొచ్చి గట్టు మీద కూర్చుంది. ఆ హెడ్‌ఫోన్లకి పుట్టింటి సొత్తంటూ ఇప్పుడు మిగిలింది రెండు స్పీకర్లే.

ఎవరైనా వచ్చి ఒక పక్క పలకట్లేదంటే మేస్త్రి వెంటనే స్క్రూడ్రైవరు ముట్టడు.

"ముందు పక్క మార్చి పెట్టుకో. కుడిది ఎడమకి, ఎడమది కుడికి. మూగతనం కూడా పక్క మారితే జబ్బు దీనిది. మారకపోతే జబ్బు నీది. నీ జబ్బుకి నా దగ్గర మందు లేదు, కింద చెవుల డాక్టరున్నాడు, పో."

ఆ గదిలో ఇది శాసనం. అంతటి శాసనకర్త కొంతకాలంగా సరిగా పలకని తన కుడి డొప్పతో యుద్ధం చేస్తున్నాడు. ఒక్క పక్కనే వింటుంటే మెల్లగా అన్న మాటలు జారిపోతున్నాయి.

అసలు భయం డొప్ప గురించి కాదు, చుక్కల గురించి. వినబడని మాటని ఊహించి రాయకూడదు, ఆ చోట చుక్కలు పెట్టాలి. సూపర్‌వైజరమ్మ డాక్టరుకి ఫోన్ చేసి అడిగి వాటిని పూరిస్తుంది. చుక్కలు ఎక్కువైనవాళ్లని కింద విచారణ కౌంటరుకి మారుస్తారు. అక్కడ పదిమంది ఒకేసారి అడుగుతారు, అన్ని పక్కల నుంచీ అడుగుతారు. ఉద్యోగమంతా ఒకసారికి ఒక్క గొంతుతోనే కాపురం చేసిన మనిషికి అది ద్వీపాంతరవాస శిక్ష.

"మేస్త్రిగారూ, నిన్న మీ రిపోర్టులో ఆకాశం కనిపించిందండీ," అంది సూపర్‌వైజరమ్మ. "ఎటు చూసినా చుక్కలే."

"వైరు అమ్మా, వైరు. రేపటికి చూస్తాను."

వైరు కోసి మళ్లీ అతికించాడు. దూది తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. స్వెట్టరు తొడుగు మందమైందని పలచటి బనీను గుడ్డ కుట్టాడు. స్పీకరు ముందున్న జాలీని పళ్ల బ్రష్షుతో దులిపాడు. కుడి డొప్ప పెళ్లికూతురిలా ముస్తాబయింది కానీ నోరు మాత్రం విప్పలేదు. సాయంత్రానికి మెడ పట్టేసి, కళ్లు మండి, ఇంటికి చేరేసరికి ఆయనకి చెప్పులు విప్పే ఓపిక కూడా ఉండేది కాదు. పక్క మార్చి చూడాలన్న సంగతి ఆయనకి తోచలేదు. తోచలేదంటే, తోచినప్పుడల్లా టీ వేళయ్యేది.

ఒకరోజు పక్క బల్ల చెల్లెమ్మ తన హెడ్‌ఫోన్లు పట్టుకొచ్చింది. అలవాటుగా శాసనం చదివాడు. ఆమె మార్చి పెట్టుకుంది.

"మూగతనం ఇటొచ్చేసింది అన్నయ్యా. జబ్బు దీనిదే, నేను బతికిపోయాను." వెళ్లబోతూ ఆగింది. "మీది కూడా మొరాయిస్తోందిగా, మార్చి చూశారా?"

"చూడకుండా ఉంటానా?" అన్నాడు.

అందరూ భోజనానికి వెళ్లాక, తలుపు వంక చూసి, దొంగలా పక్క మార్చి పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ నోరు విప్పని డొప్ప ఎడమ చెవిలో గలగలా మాట్లాడింది. ఎముకల డాక్టరు ఊపిరి, ఆయన కుర్చీ కిర్రుమనడం కూడా వినిపించాయి. ఇన్నాళ్లూ బంగారంలా పనిచేసిన రెండోది కుడి చెవి దగ్గర దిండు కింద పడుకున్నట్టు మూలిగింది. మళ్లీ మార్చాడు, మళ్లీ మార్చాడు. డొప్పలు తిరిగాయి. జబ్బు ఉన్నచోటే కూర్చుంది.

ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర భార్యకి చెప్పాడు. ఆమె గరిటె కింద పెట్టలేదు.

"నాకెప్పుడో తెలుసండీ. నా కుర్చీ మీ కుడి పక్క నుంచి ఎడమకెందుకు మార్చాననుకున్నారు?"

"మరి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. అప్పుడింకా అటు పక్కే కూర్చునేదాన్ని."

మేస్త్రి నవ్వబోయి, ఆ పని కూడా బరువనిపించి, మానేశాడు.

మర్నాడు కింది అంతస్తుకి వెళ్లి చెవులు చూపించుకున్నాడు. డాక్టరు ఏవో కూతలు వినిపించి, వినబడినప్పుడల్లా వేలెత్తమన్నాడు. కుడి పక్క వంతు వచ్చినప్పుడు ఆయన వేలు చాలాసేపు ఒడిలోనే ఉంది. పైకొచ్చి తన హెడ్‌ఫోన్లు విప్పి, రెండు పక్కల ధ్వనీ ఎడమ డొప్పలోకే వచ్చేట్టు వైర్లు కలిపాడు. తీసేసిన దూదంతా తెచ్చి కుడి డొప్పలో కూరాడు. ఇక దానికి పలికే బాధ్యత లేదు, మెత్తగా ఉంటే చాలు.

మధ్యాహ్నం రిపోర్టులు పంచితే చెవుల డాక్టరువి ఆయన బల్లకే వచ్చాయి. మూడోది తన చెవుల రిపోర్టే. పక్క బల్లకి తోసేద్దామనుకున్నాడు. తోస్తే చెల్లెమ్మ వింటుంది. ఉంచుకుంటే తనే రాయాలి, రాసింది సూపర్‌వైజరమ్మ చదువుతుంది.

"రోగి వృత్తి, టైపింగు," అంది డాక్టరు గొంతు. "కుడి చెవి..."

తర్వాతి మాటల దగ్గర మేస్త్రి వేలు చుక్క మీట మీదికి వెళ్లి ఆగింది. నాలుగు చుక్కలు పెడితే చాలు, సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసి కనుక్కునేదాకా ఒక పూటైనా గడుస్తుంది. టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. ఇన్ని నెలల్లో ఏ డాక్టరు గొంతూ ఇంత స్పష్టంగా లేదు. వినబడలేదనడానికి వీల్లేదు.

చుక్క మీట మీంచి వేలు తీసి, విన్నది విన్నట్టు టైపు చేశాడు.