బావ చేతికి ఆయిల్

మా బావ పొద్దున్నే కొత్త కారు బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే పుల్ల తీసి, కొసనున్న చుక్కను వేళ్లతో రుద్ది చూసేవాడు. డయాలసిస్‌కు అక్కను బోధన్ నుంచి నిజామాబాద్ తీసుకుపోయే బండి అది.

"ఆయిల్ ఏడాదికోసారి మారిస్తె సాలని కారుతోని ఇచ్చిన పుస్తకంల ఉందంట గద బావా," అన్నాను.

"పుస్తకం రాసినోడు చెరుకు ట్రాక్టర్ల ఎన్క దుమ్ముల నిలవడ్డడా? తొవ్వల బండి ఆగితె మీ అక్క పానం ఆగుతదా?" అని ముందే మార్పించేవాడు.

అక్క పోయింది. కారు ఇంటి ముందే ఉంటోంది. బావ ఇప్పటికీ పుల్ల తీసి చూస్తాడు.

"బండి ఎటు పోతలేదు గద బావా."

"నిలవడ్డా ఆయిల్ కరాబైతది పిల్లా."

దేవుడి దయవల్ల ఆ బండి అక్కను ఒక్కనాడూ తొవ్వలో ఆపలేదు. అందుకే శుక్రవారాలు దానికి బొట్టు పెడతాను. బావను కూడా మొక్కమంటే, చేతులకు ఆయిలుందంటాడు.