ఖాళీ అంబులెన్స్‌లో తట్టిందెవరు?

దయ్యాలంటే నాకు భయం లేదు, గౌరవం కూడా లేదు. నూజివీడులో అంబులెన్స్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. దయ్యాలే ఉంటే ముందు ఎక్కాల్సింది మా బండే. ఇన్నేళ్ళలో ఒక్కటీ ఎక్కలేదు. కాబట్టి ఇది చదివి నా చేతికి తాయెత్తు కట్టడానికి ఎవరూ రావద్దు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మా బండి డ్రైవర్ దావీదన్న. నాకంటే చాలా పెద్దవాడు. పేషెంట్‌తో నేను వెనక ఉంటాను, ఆయన ముందు. మధ్యలో చిన్న అద్దపు కిటికీ. సైరన్ మోతలో అరిచినా వినపడదు కాబట్టి మాకొక పద్ధతి ఉంది. అద్దం మీద ఒకసారి తడితే వేగం పెంచాలి, రెండుసార్లు తడితే తగ్గించాలి.

మామిడికాయల కాలంలో మైలవరం రోడ్డు మీద కోత కూలీల ఆటో బోల్తా పడింది. బాగా దెబ్బలు తగిలిన ఒకామెను ఎక్కించుకుని విజయవాడ బయల్దేరాం. కుదుపులకి సూది నరంలోకి దిగడం లేదు. రెండుసార్లు తట్టాను. అన్న తగ్గించాడు, సూది దిగింది. కానీ ఆసుపత్రి చేరకముందే ఆమె పోయింది. లోపలి గాయాలు చూసిన డాక్టర్, ఎంత వేగంగా వచ్చినా దక్కేది కాదన్నాడు. నేను తట్టడం సరైన పనే. ఇప్పుడడిగినా ఇదే మాట.

దావీదన్న మాత్రం నమ్మలేదు. "నేను తగ్గించకుండా ఉంటే..." అనేవాడు, అక్కడితో ఆగిపోయేవాడు. అలాంటి రోజున మా పనిలో దొరికే ఓదార్పు ఒక్కటే, బండి కడుక్కోవడం. కడిగాం. సాయంత్రం ఇంకో కేసుకి వెళ్ళాం.

కొద్దిరోజులకి ఖాళీ బండిలో తిరిగొస్తుంటే అన్న ఉన్నట్టుండి బ్రేకు వేశాడు.

"ఎందుకు తట్టావు తమ్ముడూ?"

"నేను నీ పక్కనే కూర్చున్నానన్నా."

అప్పటినుంచి అదే వరస. అద్దం మీద రెండుసార్లు తట్టిన చప్పుడు ఆయన ఒక్కడికే వినపడేది. పేషెంట్ కోసం వెళ్తున్నప్పుడు కూడా తగ్గించేస్తున్నాడు. అవతల ఎవరి ప్రాణమో మా కోసం ఎదురుచూస్తుంటుంది. ఇంటికెళ్తే ఆయనకి నిద్ర లేదు. ఇక తాళాలు ఇచ్చేస్తానని ఒకరోజు చెప్పాడు. ఆయన లేకపోతే ఆ రోడ్ల మీద ఆ బండిని అలా నడిపేవాడు ఇంకొకడు లేడు.

మెకానిక్ చేత బోల్టులన్నీ బిగింపజేశాం. ఒకాయన టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఇంకొకాయన బండి చుట్టూ ప్రార్థన చేశాడు. దావీదన్న మొహమాటస్తుడు, రెండూ వద్దనలేదు. నిమ్మకాయలు నలిగాయి గానీ చప్పుడు ఆగలేదు. మగాడన్నాక గుండె రాయి చేసుకోవాలని చెప్పినవాళ్ళకైతే లెక్కే లేదు. రాయి చేసుకున్న గుండెని మా బండిలో ఎక్కించుకోవడం ఎంత కష్టమో వాళ్ళకి తెలియదు.

చివరికి ఆయన్ని విజయవాడలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఈ సంగతి మాకంటే ముందే టీ కొట్టుకి చేరింది.

"ఏంటీ, దావీదుని పిచ్చి డాక్టర్ దగ్గర చూపిస్తున్నావంట?" అన్నాడొక పెద్దమనిషి.

"అవునండీ. మీక్కూడా ఒక అపాయింట్‌మెంట్ తీసుకోమంటారా?"

టీ చల్లారిందంటూ ఆయన వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ అన్న చెప్పిందంతా విన్నది. కళ్ళెదుట జరిగింది మనసులో ఇరుక్కుపోతే ఇలాగే అవుతుందనీ, దీనికి వైద్యం ఉందనీ చెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "మీరెలా నిద్రపోతున్నారు?" అని అడిగింది. ఒక జోకు వేశాను. నవ్వలేదు. మరోసారి వెళ్ళినప్పుడు చీటీ మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఇందులో దాచుకోవలసింది ఏముంది? కాలు విరిగినవాడు కట్టు దాచుకుంటాడా?

మెల్లగా అన్నకి నిద్ర పట్టింది. చప్పుడు ఆగింది. ఇక్కడితో అయిపోతే ఇది రాయాల్సిన అవసరమే లేదు.

ఒక మధ్యాహ్నం ఉంగుటూరు వైపు ఒకామెకి నొప్పులు వస్తున్నాయని కబురొచ్చింది. నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక ఎవరూ లేరు. కొత్తగా వేసిన రోడ్డు, కుదుపన్నదే లేదు. నా తల వెనక అద్దం మీద రెండుసార్లు చప్పుడైంది.

అన్న నా వైపు చూశాడు. నా చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి.

"విన్నావా?"

"విన్నా."

బండి ఆపాడు. దిగి వెనక తలుపు తీసి చూశాను. స్ట్రెచర్ లాక్ వేసే ఉంది. సిలిండర్ బెల్టు బిగుతుగానే ఉంది. ఏదీ కిందపడలేదు. ఇలాంటి కథల్లో అయితే ఎదురుగా లారీ దూసుకొచ్చి, ఆ చప్పుడే మమ్మల్ని కాపాడిందని తేలాలి. రోడ్డు కనుచూపుమేర ఖాళీ. కనీసం ఒక గేదె అడ్డం వచ్చినా సంతోషించేవాణ్ణి.

తర్వాత డాక్టరమ్మకి చెప్పాను. ఒకరి బాధ పక్కవాళ్ళకి అంటుకోవచ్చంది. ఒకే క్షణంలో ఇద్దరం ఎలా విన్నామని అడిగితే, తెలియదంది. నాకూ తెలియదు. నరాల బలహీనత అనేవాళ్ళకి చెప్పేది ఏమీ లేదు, దయ్యం అనేవాళ్ళకి అసలే లేదు.

ఆ మధ్యాహ్నం నేను తలుపు వేసి వచ్చి కూర్చున్నాక, అన్న తాళం తీసి నా చేతిలో పెడతాడేమోనని చూశాను. ఆయన వెనక్కి తిరిగి, అద్దంతో మామూలుగానే మాట్లాడాడు.

"అప్పుడు నీకోసమే తగ్గించానమ్మా. ఇప్పుడు అవతల ఇంకొకామె నొప్పులు పడుతోంది. తగ్గించను."

గేరు వేశాడు. ఊరు చేరేలోపు అద్దం మీద మళ్ళీ రెండుసార్లు చప్పుడైంది. ఇద్దరం విన్నాం. బండి వేగం తగ్గలేదు.