మా మేడమీద కురిసిన వాన

మండలాఫీసులో గుమస్తాగా ఉన్నన్నాళ్లూ వాన లెక్క రాసే పని నాదే. ఏ మండలమో చెప్పను. నర్సీపట్నం నుంచి షేర్ ఆటోలో ముప్పావుగంట దూరం. గొలుగొండ వైపో, రోలుగుంట వైపో కూడా చెప్పను. పేరు రాస్తే నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా సిగ్గుపడాల్సొస్తుంది. ఆ పనికి నేనొక్కణ్ని చాలు.

ఆఫీసు ఆవరణలో, కొళాయికి కాస్త ఎడంగా, చిన్న కంచె లోపల వాన కొలిచే గొట్టం ఉండేది. కురిసిన నీళ్లు గరాటు గుండా దాని లోపలి సీసాలోకి దిగుతాయి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఆ నీళ్లని గీతలున్న కొలత గ్లాసులో పోసి, ఎంతుందో చూసి రిజిస్టర్లో రాయాలి. అంకె పక్కన ‘మి.మీ.’ అని పెట్టాలి. అందరి దగ్గరా దానర్థం మిల్లీమీటర్లు. నా దగ్గర మాత్రం ‘మిగతాది మీ ఇష్టం’.

చిక్కేమిటంటే, ఎనిమిదిన్నరకి నేను నర్సీపట్నంలో మా ఇంట్లో ఇడ్లీల ముందు ఉండేవాణ్ని. ఆటో నిండి, కదిలి, దారిలో మళ్లీ ఖాళీ అయి, మళ్లీ నిండి, నన్ను ఆఫీసు దగ్గర దింపేసరికి పదిన్నర. నేను రూలంటే భయపడే మనిషిని. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే. అందుకని మా మేడమీద ఒక ఖాళీ పాలపొడి డబ్బా పెట్టాను. వాన పడిన మర్నాడు సరిగ్గా ఎనిమిదిన్నరకి మెట్లెక్కి, మా అమ్మాయి స్కేలు ముంచి కొలిచి, చీటీ మీద రాసుకుని, ఆఫీసుకెళ్లాక రిజిస్టర్లోకి ఎక్కించేవాణ్ని. రూల్లో టైము నొక్కి చెప్పారు. చోటు సంగతి ఆమాత్రం తెలియదా అని వదిలేసినట్టున్నారు. నాకు తెలియలేదు. వాన వానే కదా అనుకున్నాను. నిరుటి అంకెలే దించేసేవాళ్లు కూడా ఉంటారని విని, వాళ్ల పక్కన నేను సత్యసంధుణ్నని మురిసిపోయేవాణ్ని కూడా. సత్యమే, కాకపోతే ముప్పావుగంట దూరంలో ఉండేది.

మన్యం కొండల మీంచి దిగే సాయంత్రపు మబ్బుకి ఒక పద్ధతంటూ ఉండదు. నర్సీపట్నంలో కాలవలు పొంగేలా కురిసి, రెండు ఊళ్లు దాటేసరికి దుమ్ము కూడా అణచకుండా పోతుంది. రోజూ అదే రోడ్డు మీద వెళ్లే నాకు తడిసిన రోడ్డు ఎక్కడ ఆగిపోతోందో ఆటోలోంచి కనపడేది. కనపడింది గానీ, దాన్ని రిజిస్టర్‌తో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ మండలంలో చెరువు కింద ఎకరంన్నర వరి వేసుకునే పెద్దాయన ఒకడు, వానలు ముఖం చాటేసిన ప్రతి ఏడాదీ ఆఫీసుకి వచ్చేవాడు. ఆయనకి ఒక జత ఎడ్లు ఉండేవి. చెరువు నిండకపోతే వరి లేదు, వరి లేకపోతే ఎడ్లకి గడ్డి లేదు. మండలం కరువు జాబితాలోకి ఎక్కితే ప్రభుత్వం పశువులకి మేత పంపుతుంది. అందుకని నా బల్ల దగ్గర నిలబడి, పిల్లాడి పరీక్ష ఫలితం అడిగినట్టు అడిగేవాడు, మన లెక్క ఎలాగుందని. సాధారణం అనేవాణ్ని.

“సాదారనవంటే ఏటండి?”

మామూలుగా కురవాల్సినంత కురిసిందని అర్థం పెద్దాయనా, అని చెప్పాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూసి, “మరైతే ఆ వాన మా కంట పడకుండా ఎలా ఎల్లిపోనాదో” అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక. నేను ఊరుకోవచ్చు కదా. మీ చెరువు గట్టు కారుతోందేమో, దాన్లోకి నీళ్లు తెచ్చే సప్లయి కాలవ పూడిపోయిందేమో చూసుకోండి అని సలహా ఇచ్చాను. ఆయన సరేనని వెళ్లి కాలవ పూడిక తీసుకున్నాడట, ఒక్కడే, రెండు రోజులు. వాన నీరు రాని కాలవలో.

ఇలా పదేళ్లు దాటాక ఢిల్లీలో ప్రభుత్వం మారింది. మా ఆటోలో దాని మీద చర్చ జోరుగా సాగింది. ఈ వచ్చినవాళ్ల పాదం మంచిది, వానలు పడతాయి అని ఒకాయన. ఏ కొత్త ప్రభుత్వమైనా ముందు ఆర్నెల్లు కాగితాలు పోగేస్తుంది, తర్వాత వాటిని ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తుంది అని నాతో రోజూ వచ్చే మాస్టారు. మాస్టారి మాటే నిజమైంది. పైనుంచి కలెక్టరాఫీసు మీదుగా మాకో కాగితం దిగింది. వాతావరణం మారిపోతోంది, కొత్త ప్రభుత్వం దాని మీద ఒక విధానం తయారుచేయాలనుకుంటోంది, కాబట్టి పదేళ్ల వర్షపాతం వివరాలు పంపండి, మండలం తరఫున సూచనలు రాయండి, ఒక రైతు అభిప్రాయం జతచేయండి అని.

నాకు తెలుగు బాగా వచ్చని ఎమ్మార్వోగారికి ఒక నమ్మకం. ఆ కాగితం నాకే ఇచ్చారు. సూచనలు మూడు పేజీలు పొంగిపొర్లాయి. చెట్లు నాటాలి, చెరువులు తవ్వాలి, తక్కువ నీటి పంటలు వెయ్యాలి. ఢిల్లీలో కొత్తగా ప్రమాణం చేసింది నేనే అన్నట్టు రాశాను. తర్వాత అంకెలు ఒక వరసలో దించితే, పదేళ్లూ సాధారణం. నా లెక్క ప్రకారం మా మండలానికి ఏ విధానమూ అక్కర్లేదు.

రైతు అభిప్రాయం కోసం ఆ పెద్దాయన ఇంటికే వెళ్లాను. పశువులశాలలో కట్టుకొయ్యలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఎడ్లేవని అడిగితే, గడ్డి లేక నిరుడు అమ్మేశానన్నాడు. నన్ను కూర్చోబెట్టడానికి నులకమంచం లాగితే, దాని వెనక గోడ కనిపించింది. గోడ నిండా సున్నం బొట్లు. దుక్కి పదునయ్యే వాన పడినప్పుడల్లా ఒక బొట్టు, ఏడాదికో వరస. వాళ్ల నాన్న కాలం నుంచీ అలవాటట. పైవరసలు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ పొట్టివైపోయాయి. అడుగు వరసలు పళ్లూడిన దువ్వెనల్లా ఉన్నాయి. ఆ అడుగు వరసలే నా సాధారణాలు.

ఢిల్లీ వాళ్లు ఏం చేస్తారట అని అడిగాడు. నా మూడు పేజీలూ చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నాడు.

“అన్నీ బాగున్నాయి బాబూ. గాని ముందల ఇక్కడ వాన పడనేదని ఆళ్లకి తెలాలి గదండి.”

దాన్నే రైతు అభిప్రాయంగా రాసుకున్నాను. గోడ మీది బొట్లన్నీ వరస తప్పకుండా ఒక తెల్లకాగితం మీదికి ఎక్కించుకున్నాను.

ఆ సాయంత్రమే ఎమ్మార్వోగారికి డబ్బా సంగతి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ, “ఏ ఏడాది ఎంత తప్పో ఇప్పుడు చెప్పగలరా మీరు?” అన్నారు. చెప్పలేనన్నాను. నెలనెలా పైకి వెళ్లిపోయిన అంకెలు అవి, సరైనవి లేనప్పుడు ఉన్నవే పంపాలి, ఇకనైనా ఇక్కడి గొట్టం చూడండి, అన్నారు. రైతు కాగితం మీ ఇష్టం అని కూడా అన్నారు.

అంటే ఆయన తియ్యమనలేదు. నేనే తీశాను. పిన్ను కొట్టబోతూ చూస్తే, ఆ బొట్లూ నా అంకెలూ ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. ఢిల్లీలో ఎవరైనా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నా ఉద్యోగం ఏమవుతుందో తోచింది. రైతు చెట్లు నాటమన్నాడని నాలుగు లైన్లు కల్పించి రాసి, దాన్ని జతచేశాను.

మర్నాటి నుంచి తెల్లవారుతూనే లేచి మొదటి ఆటో ఎక్కేవాణ్ని. ఎనిమిదిన్నరకి ఆ గొట్టం ముందే ఉండేవాణ్ని. మా ఆవిడ నా ఆరోగ్యం గురించి బెంగపెట్టుకుంది. రిజిస్టర్లో అంకెలు ఒక్కసారిగా సగానికి పడిపోయాయి. ఎవరైనా ఆ పుస్తకం తిరగేస్తే, మా మండలంలో వాతావరణం కొత్త ప్రభుత్వం వచ్చిన ఏడాదే మారిందనుకుంటారు. మారింది వాతావరణం కాదు, నేను లేచే వేళ.

అలా తక్కువ అంకెలు రెండేళ్లు వరసగా పైకి వెళ్లాక, మూడో ఏడాదికి మా మండలం కరువు జాబితాలోకి ఎక్కింది. లారీలో గడ్డి వచ్చి ఆఫీసు ఆవరణలో దిగింది. దాన్ని చూడ్డానికి ఆయనా వచ్చాడు, పలుపు తాడు కూడా లేకుండా ఒట్టి చేతుల్తో. ఇక ఆగలేక అంతా చెప్పేశాను. డబ్బా, మేడ, నేను తీసేసిన కాగితం.

ఆయన గడ్డిమోపుల వంక చూస్తూ అంతా విన్నాడు. తర్వాత, “అయితే మీ మేడమీద బాగానే కురిసినాదన్నమాట” అన్నాడు.

అవునన్నాను.

“కాలవ తవ్వీసినాను గదండి, మీరు సెప్పారని.”

ఆయన గడ్డిమోపులోంచి ఒక పిడికెడు దూసి, వాసన చూసి, మళ్లీ మోపులోనే దోపేశాడు. మంచి గడ్డి, ఎవరి పశువులకో ఒకళ్లకి పనికొస్తుంది, తడవకుండా బేగి కప్పించండి అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆకాశంలో ఎక్కడా మబ్బు లేదు. అయినా టార్పాలిన్ తెప్పించి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, నా చేతుల్తోనే కప్పాను.