అత్తగారు చేసిన దొంగతనం

పటమటలో ఛాయాదేవిగారు చలవ కళ్ళద్దాలు, గంజి చీర లేనిదే కూరగాయలకైనా కదలరు. ఊరెళ్ళే ముందు నగలు దాచడం ఆవిడకు మహా సరదా. తానే దొంగనైతే ఎక్కడ వెతుకుతానా అని ఆలోచించి, అక్కడ తప్ప ఇంకెక్కడైనా పెడతారు. ఈసారి ఉయ్యూరు వెళ్ళొచ్చేసరికి కాసులపేరు కనిపించలేదు. దాచినట్టే గుర్తులేదు. కోడలు, పనిమనిషి రూతు వైపు చూసి, "పోలీసులకు చెబుదామత్తయ్యా" అంది. రూతు మొహం పాలిపోయింది.

"రూతు తీయదు" అని ఛాయాదేవిగారు తిన్నగా హిప్నాటిజం చేసే డాక్టరు దగ్గరకెళ్ళి కుర్చీలో వాలారు. ఆయన మెల్లని మాటలకు కళ్ళు మూతపడ్డాయి. "అందరూ టీవీ చూస్తున్నారు. చెప్పులు విప్పి స్టూలెక్కాను. అటక మీద పాత మిక్సీ జారులో పడేశాను" అని గుసగుసగా చెప్పి, ఆ మత్తులోనే కిసుక్కున నవ్వారు.

నగ అక్కడే దొరికింది. కోడలు తప్పయిందని రూతు చేతులు పట్టుకుంది. ఛాయాదేవిగారు కాసులపేరు తీసి రూతు మెడలో వేశారు.

"కంకిపాడులో మీ చెల్లెలి పెళ్ళికి ఇది పెట్టుకెళ్ళు."

"అమ్మో, నేనెక్కడన్నా పెట్టి మర్చిపోతే ఎట్టాగండీ?"

"డాక్టరుగారున్నారుగా, పదవే!"