నైలాన్ దారం, తీతువు గుడ్లు: గుణుపురం దగ్గర ఒక చేపల చెరువు

ఈ ప్రయాణం తగాదాతో మొదలైంది. పక్షులు చూసేవాళ్ళ వాట్సాప్ గుంపు ఒకటుంది, అందులో నేనూ ఉన్నాను. మే నెలాఖరున ఎవరో ఒక ఫోటో పెట్టారు. చేపల చెరువు మీద అడ్డంగా కట్టిన నైలాన్ దారానికి రెక్క చిక్కుకుని వేలాడుతున్న నీటికాకి. దాని కింద వరసగా ఒకటే పాట: పల్లెటూరివాళ్ళకు చైతన్యం లేదు, వీళ్ళకు పాఠాలు చెప్పాలి, కేసులు పెట్టాలి. నాకు ఒళ్ళు మండింది. ఆ దారం పల్లెవాళ్ళ బుర్రలో పుట్టలేదు. ఊరుమ్మడిగా వాడుకునే చెరువును వేలంపాటలో ఒక్కడి చేతికిచ్చి, ఎంత పిండుకోగలవో పిండుకో అన్నాక, ఆ పాడుకున్నవాడు నీటికాకికి వాటా ఎందుకు వదులుతాడు? ఆ చేపను ఆదివారం పూట కొనేది మనమే కదా? ఇదంతా రాశాను. "మేడమ్, అలాంటి చెరువు మీరెప్పుడైనా చూశారా?" అని ఒకాయన మర్యాదగానే అడిగాడు. చూడలేదు. యాభై రెండేళ్ళొచ్చాక అబద్ధం చెప్పి గెలవడం సిగ్గనిపించి, రైలు టికెట్టు తీసుకున్నాను.

గుణుపురంలో బడిపంతులుగా పనిచేసే పరిచయస్తుడొకాయన, దారాలు కట్టకుండా ఇంకా మనిషే కాపలా కాసే చెరువు ఒకటి ఉందనీ, అదీ ఎన్నాళ్ళో ఉండదనీ ఫోనులో చెప్పాడు. అందుకని అదే నా ఆఖరి మజిలీ. వెళ్ళేది ఎటూ వెళ్తున్నాం కదా అని దారిలో కోరాపుట్ కూడా కలుపుకున్నాను. చలికాలంలో వలస బాతుల కోసం అందరూ వెళ్తారు. నన్నడిగితే జూన్ రెండోవారం మంచిది. నీళ్ళు బాగా దిగిపోయి ఉంటాయి, ఉన్న పక్షులన్నీ ఆ కాస్త నీటి చుట్టే చేరతాయి, పైగా చాలావాటికి గుడ్లు పెట్టే కాలం. ఉదయం ఏడు లోపు విశాఖలో ఎక్కితే మధ్యాహ్నం రెండు దాటాక కోరాపుట్. ఆటోకి ఐదువందలిచ్చి సాయంత్రం జలాశయం ఒడ్డుకి వెళ్ళాను. నీరు వెనక్కి తగ్గిన ఎర్రమట్టి మీద ఎవరో దోసపాదులు పెట్టుకున్నారు. వాటి పక్కనే టెర్న్‌లనే సన్నరెక్కల నీటిపక్షులు నీటి మీద గిరికీలు కొడుతున్నాయి. మర్నాడు రాయగడ రైలెక్కాను. కొండలు, సొరంగాలు, టికిరి దగ్గర దూరంగా పొగగొట్టాలు. కిటికీ పక్క సీటు దొరికితే కునుకు తీయకండి. రాయగడలో స్టేషనుకి దగ్గర్లోనే వెయ్యి రూపాయలకు శుభ్రమైన గది దొరికింది.

మూడోరోజు ఉదయం ఐదింటికి, ముందురోజు మాట్లాడుకున్న డ్రైవరు దండాసి కారు తెచ్చాడు. రోజంతటికీ మూడువేలు, డీజిలు అందులోనే. ముప్పై ఏళ్ళుంటాయేమో, మాటకారి.

"పిట్టల కోసం వైజాగు నుంచి వచ్చేరా మేడమ్? మా అత్తోరింటి ఎనక సింతసెట్టు మీద బోలెడున్నాయి. అక్కడికైతే డీజిలు కూడా అవదు" అన్నాడు.

"మీ అత్తగారు ఒప్పుకుంటుందా?"

"పిట్టల్ని సూడ్డానికి ఒప్పుకుంటాది. నన్ను సూడ్డానికే ఒప్పుకోదు."

ఊరు దాటకముందే నాగావళి వంతెన దగ్గర అరగంట ఆపించాను. నది సన్నటి పాయగా ఉంది. ఇసుక మీద మెడకు నల్లపట్టీ ఉన్న బుల్లి పిట్టలు పరుగెత్తుతూ ఆగుతూ ఉన్నాయి. ఆగితే కనబడవు. రాయి మీద నలుపూ తెలుపూ లకుముకి ఒకటి. వెలుతురు బాగా వచ్చాక గుణుపురం దారి పట్టాం. డెబ్బై కిలోమీటర్ల పైమాట, రెండు గంటలు పట్టింది. దారిలో కొన్నిచోట్ల రోడ్డుకి రెండువైపులా నీలగిరి తోటలే. వాటిని పచ్చదనం లెక్కలో వేసుకునేవాళ్ళను తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలి. ఆ తోటల పొడుగునా నేను లెక్కపెట్టింది ఒకే ఒక్క పసులపోలిగాడు, అదీ కరెంటు తీగ మీద.

గుణుపురం ఇంకా రాకముందే రోడ్డు పక్క పాక హోటల్లో వడలూ, బఠాణీలతో చేసే ఘుగుని కూరా తిన్నాం. ఇద్దరికీ కలిపి ఎనభై రూపాయలు. పొయ్యి దగ్గరావిడ మధ్యాహ్నానికి చేపల పులుసు పెడుతోంది. చేప ఏ చెరువుదని అడిగాను.

"సెరువుదేనమ్మా. ఏ సెరువుదో సేపకే తెలీదు, నాకేటి తెలుస్తాది?" అంది, గరిట తిప్పుతూ.

ఎనిమిదింటికి చెరువు చేరాం. ఊరి పేరు రాయను. గూడు పెట్టే కాలంలో చోటు పేరు రాయకూడదని నా నియమం, ఎందరు అడిగినా సరే. పదెకరాల చెరువు, సగానికి పైగా ఎండిపోయింది. ఉత్తరపు వైపు లోతు, దక్షిణపు వైపు నెర్రెలిచ్చిన నేలా మడమల్లోతు నీరూ. గట్టు మీద తాటాకు పాక, పాకలో కాళ్ళు చాపుకుని ఒకామె కూచుని ఉంది. తలమీద తడి తువ్వాలు, చేతిలో వడిసెల. పేరు గవరమ్మ. వాళ్ళ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వ్యవసాయానికి వచ్చిన కుటుంబం.

"ఎవులమ్మా నువ్వు? సేపల ఆఫీసు నుంచేటి?"

"కాదమ్మా, పిట్టలు చూడ్డానికి వచ్చాను."

"అలగా. నాను తోలడానికి ఉన్నాను. నువ్వు సూడు, నాను తోల్తాను. ఎవుల పని ఆలది."

పక్కన బుట్టనిండా ఎండబెట్టిన మట్టి ఉండలున్నాయి. రాళ్ళెందుకు వాడవని అడిగితే నా అజ్ఞానానికి జాలిపడింది. రాళ్ళయితే చెరువు అడుగున చేరి, వల లాగినప్పుడు వలను చీరేస్తాయట. మట్టి ఉండ అయితే నీళ్ళలో పడి కరిగిపోతుంది. పిట్టకు తగిలినా చావదు. తూర్పు నుంచి నీటికాకుల గుంపు ఒకటి వచ్చి లోతు మీద దిగబోయింది. ఆమె కూచునే చేయి తిప్పింది. ఉండ వాటికి మూడు బారల ముందు నీటిలో పడింది. గుంపు మళ్ళీ లేచి పోయింది. కొంచెం సేపటికి గుడ్డికొంగలు రెండు వచ్చి వాలాయి. వాటి జోలికి పోలేదు.

"వాటి మీద వెయ్యవేం?"

"అది తినేది సగం కప్పలే. సేపకి కప్ప పిల్లలు పోటీ గదేటి. నత్తలు తినే కొంగ మీద అసలే ఎయ్యను. నీలికోడి మీదా ఎయ్యను, అది గడ్డి దుంపలు పీక్కుంటాది. నీటికాకిని మటుకు ఒదలను. దాని కడుపుకి అడుగు నేదు."

నేను ఇరవై ఏళ్ళుగా దుర్భిణి పట్టుకు తిరుగుతున్నాను. ఏది ఏం తింటుందో పుస్తకంలో చదివాను. ఆమె ఆ లెక్క మీదే బువ్వ తింటోంది. తొమ్మిదిన్నర లోపు నేను రాసుకున్నవి ఇరవై మూడు రకాలు. అందులో చిలువ బాతుల జంటా, రెక్కలారబెట్టుకుంటున్న పాముమెడ పక్షీ ఆమె చూపించినవే.

అంతలో దక్షిణపు వైపు నుంచి తీతువు అరిచింది. గవరమ్మ తల తిప్పకుండానే "కుక్క" అంది. చూస్తే నిజంగానే ఎండిన నేల మీద కుక్కొకటి నడుస్తోంది.

"ఎలా తెలిసింది?"

"ఆగాగి అరిస్తే కుక్క. ఊపిరి తీసుకోకుండా అరిస్తే మనిషి. గుడ్ల మీదుంది అమ్మి. దాని గుడ్లు నాలుగు, ఇంకో పది రోజులకి పిల్లలు." ఆ అమ్మి అన్నది తీతువును. దొంగచాటుగా వల వేయడానికి ఎవరొచ్చినా ముందు దానికే తెలుస్తుందట. అది అరిస్తే ఈమె లేస్తుంది. నాలుగేళ్ళుగా ఇద్దరిదీ ఇదే పని.

తర్వాత చాలా మామూలుగా చెప్పింది, దారం వస్తోందని. చెరువు పాడుకున్న షావుకారు నైలాన్ చుట్టలు కొన్నాడట, ఇవాళో రేపో కడతారట.

"కడితే నీ పని?"

"మరింకేటి. దారానికి బువ్వ పెట్టక్కర్లేదు గదా." మోకాలి మీద చెయ్యేసి రుద్దుకుంది. "ఊడుపులకి ఒంగలేను తల్లీ. మోకాళ్ళు పోయేయి. కూకుని సేసే పని ఈ ఊర్లో ఇదొక్కటే."

పదిన్నరకు షావుకారు రానే వచ్చాడు. గుణుపురంలో హోల్‌సేల్ కిరాణా దుకాణం ఉన్న సత్యంబాబు. వెనక ఆటోలో వెదురు కర్రలు, నైలాన్ చుట్టలు, ఇద్దరు కూలీలు. నన్నూ నా దుర్భిణినీ చూసి మొహం మాడ్చుకున్నాడు. నేను ఊరుకోవాల్సింది. ఊరుకోలేదు. వన్యప్రాణి చట్టం గురించీ, దారానికి చిక్కి చచ్చే పక్షుల గురించీ, ఉమ్మడి చెరువుల గురించీ గుంపులో రాసిందంతా గట్టు మీద నిలబడి చెప్పేశాను. ఆయన ఓపికగానే విన్నాడు.

"మేడమ్, మీరు సేప తింటారా?"

"తింటాను."

"మీకు సేప కావాల, కాకికి సేప కావాల. పిల్ల కొనేది నేను, మేత ఏసేది నేను. మీ చట్టం వచ్చి మేత ఏస్తాదేటి?" తర్వాత గవరమ్మ వైపు తిరిగాడు. "ఒలే, పిట్టల్ని తోలమంటే పైఊరోళ్ళని ఫోటోలకి పిలుస్తన్నావా? ఇవాల్టితో నీ లెక్క సరి. ఎల్లు."

కోపం నాది, దానికి దెబ్బ ఆమెది. పోరాటాల గురించి ఎన్నో వ్యాసాలు రాశాను గానీ, నా మాటకు ఇంకొకరి పొయ్యి ఆరిపోవడం కళ్ళెదుట చూడ్డం అదే మొదలు. మళ్ళీ ఏదో సర్దిచెప్పబోయాను.

"నువ్వూరుకో తల్లీ" అంది గవరమ్మ. కర్ర పట్టుకుని మెల్లగా లేచింది. "బాబూ, దారం కట్టు. వొద్దన్నానా? లోతు కాడ కట్టు, కాకి మునిగీది అక్కడే. పాత కోక పీలికలు దారానికి కట్టించు. పిట్టకి కనబడితే రాదు. నీకు రాకపోతే సాలు గదా? సచ్చి ఏలాడితే ఎవుడు తీస్తాడు? నీళ్ళలో పడి కుళ్ళితే సేపకి మంచిదేటి?"

షావుకారు లోతు వైపు చూసి, కూలీలను ఆగమని చెయ్యి చూపించాడు.

"తగ్గు పక్క మటుకు కట్టకు. అక్కడ కాకి దిగదు. దొంగలు దిగుతారు. దొంగకి దారం అడ్డమేటి? దాటుకుని ఎల్తాడు. అక్కడ నాకు తీతువుంది."

"తీతువా? దాని గొంతు ఇంటే ఇంట్లో పీనుగ లేస్తాదంటారు. ముందు దాన్నే తోలాల."

"నాలుగేళ్ళ నుంచి నా నెత్తి మీదే అరుస్తన్నాది. నానేటి సచ్చేనా? ఇలగ రా, సూపిత్తాను."

ముగ్గురం దక్షిణపు వైపు దిగాం. తీతువు ఊపిరి తీసుకోకుండా అరుస్తూ షావుకారు నెత్తి మీదుగా దూసుకుపోయింది. ఆయన రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "ఎక్కడే గుడ్లు? ఎక్కడ?"

"ఆగు బాబూ. కదలకు. నీ కుడికాలి కాడ."

ఆయన కిందికి చూశాడు. నేనూ చూశాను. మట్టి పెళ్ళలు, ఎండిన నత్తగుల్లలు తప్ప నాకేమీ కనబడలేదు. గవరమ్మ కర్రతో గాలిలో చిన్న సున్నా చుట్టింది. అప్పుడు కనబడ్డాయి. ఆయన చెప్పుకు జానెడు దూరంలో నాలుగు, మట్టి రంగు, నల్లమచ్చలు, మొనలన్నీ లోపలికి. షావుకారు ఒంటికాలి మీద నిలబడిపోయాడు. ఎత్తిన కాలు ఎక్కడ పెట్టాలో తెలీక గవరమ్మ భుజం పట్టుకున్నాడు.

"నీకే కనబడనేదు. అది నిన్ను గట్టు మీదే సూసింది. ఇలాటి కాపలా డబ్బిస్తే దొరుకుతాదా?"

"దానికీ జీతమియ్యమంటావేటి?"

"దాని జీతం కూడా నానే తీసుకుంటాను."

గట్టు మీంచి కూలీలు నవ్వారు. షావుకారు నవ్వలేదు గానీ, గట్టు మీదికొచ్చి నీళ్ళు తాగాక తీర్పు చెప్పాడు. దారం లోతు వైపే, పీలికలతో. తగ్గు వైపు వానలు పడేదాకా గవరమ్మ ఉంటుంది. "సెరువు నిండేక మొత్తం కట్టేత్తాను. అప్పుడింక నువ్వక్కర్లేదు. ఇప్పుడే సెప్తన్నాను, తర్వాత ఏడవకు" అన్నాడు. ఆమె తలూపి, పాకలోకెళ్ళి మట్టి ఉండల బుట్ట దగ్గరికి లాక్కుంది. కూలీలు వెదుళ్ళు పాతడం మొదలెట్టారు. పన్నెండింటికి నేను బయల్దేరుతుంటే "మళ్ళీ వస్తే అరవకుండా రా" అంది.

గుంపులో ఈ సంగతి రాస్తే అభినందనలే అభినందనలు. గూడు దక్కింది, పిల్లలు లేచేలోపు దారం రాదు, భేష్ అన్నారు. తీతువు గెలిచింది, నిజమే. దానికి పది రోజులు చాలు. గవరమ్మకు పది రోజులు చాలవు. పక్షుల పేరు చెప్పి వాచ్‌టవర్లు కడతాం, రంగుల బోర్డులు పెడతాం, ప్రారంభోత్సవాలు చేస్తాం. నీటికాకికీ గుడ్డికొంగకూ తేడా తెలిసి, ఉండ ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలిసిన మనిషికి నెల జీతం అనే ఆలోచన మాత్రం ఏ పథకంలోనూ కనబడదు. ఆమె తోలేవాళ్ళ లెక్కలో ఉంది కనుక కాపాడేవాళ్ళ లెక్కలోకి రాదు. ఆ చెరువు మీద ఆ ఉదయం పక్షులను కాపాడింది నా చట్టం కాదు, నా కోపం అసలే కాదు. నా కోపం ఆమె పనిని దాదాపు ఊడగొట్టింది. అయినా కోపం మానుకోమని నాకెవరూ చెప్పొద్దు. ఎవరి ఎదుట, ఎవరి ఖర్చు మీద అన్నది మాత్రం నేర్చుకోవాల్సి ఉంది.

మీరు వెళ్ళేట్టయితే ఒక్క సలహా. అలాంటి ఏ చెరువు దగ్గరైనా ముందు గట్టు మీద కాపలా మనిషిని పలకరించండి, ఆమె చూపించినచోటే నడవండి, కారుకు ఇచ్చినదాంట్లో పావువంతైనా ఆమె చేతిలో పెట్టండి. పక్కన కూచుని ఎన్ని కబుర్లయినా చెప్పుకోండి. జూన్ నెల కదా, ఊరంతా మబ్బు వైపు చూస్తూ ఉంటుంది, మీ నోటికీ అదే మాట వస్తుంది. వాన ఎప్పుడు పడుతుందని మాత్రం ఆమెను అడక్కండి.