మా అన్నది క్యాన్సర్ కాదు

నిన్న పొద్దున వదిన ఫోన్.

"మీ అన్న లేస్తలేడు... పలుకుతలేడు..."

ఆ తర్వాత ఏడుపే వినపడింది.

నేను ఉండే కిరండూల్‌లో బస్సెక్కేసరికి డాక్టర్ చెప్పేశారట. గుండెపోటు. మా శేఖర్ అన్నకి నలభై రెండేళ్ళు.

ఇంకా మా ఊరు కొంటా చేరనేలేదు, మా చుట్టం ఒకాయన ఫోన్ చేశాడు.

"ఏందమ్మా, ఆ ముక్కులో గడ్డ మళ్ళ తిరగబెట్టిందంట గదా? క్యాన్సరేనంట గదా?"

అందుకే ఈ పోస్ట్. సంతాపాలు తర్వాత చెప్పండి. ముందు ఇది చదవండి.

మా అన్నకి క్యాన్సర్ లేదు. ఎప్పుడూ లేదు.

తొమ్మిదో క్లాసులో అన్నకి ముక్కులోంచి రక్తం కారేది. నొప్పి ఉండేది కాదు. ఎప్పుడూ ఎడమ వైపే. ఆ వైపు గాలి ఆడక నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు. తెల్లారి చూస్తే దిండు మీద మరకలు.

అందరూ వేడి అన్నారు. బస్తర్ రాజుల కాలంలో పుట్టిన మా నానమ్మా అదే అంది. సబ్జా నీళ్ళు తాగిస్తూ ఏడాది గడిపేశాం.

ఊళ్ళో ఇంజెక్షన్లు వేసే ఆయన టార్చి వేసి చూశాడు. "లోపల కండ పెరిగింది, లాగేస్తా" అని పట్టకారు తీశాడు.

అమ్మ ఆయన చెయ్యి పట్టేసుకుంది.

"ముట్టకుంటనే ఇంత నెత్తురు పోతాంది. లాగితే నా కొడుకు బతుకుతడా? తియ్ చెయ్యి!"

ఆయనకి కోపం వచ్చింది. నాన్నకీ వచ్చింది. అమ్మ లెక్కచేయలేదు. మర్నాడే బస్సులు మారి అన్నని విశాఖపట్నంలో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

స్కాన్ చూసి ఆ డాక్టరమ్మ చెప్పింది: "ఇది క్యాన్సర్ కాదమ్మా. ఈ వయసు మగపిల్లల్లో అరుదుగా వచ్చే గడ్డ. కానీ నిండా రక్తనాళాలే. లాగి ఉంటే రక్తం ఆపడం కష్టమయ్యేది. వదిలేస్తే కంటి వైపు, మెదడు వైపు పెరుగుతుంది."

ముందు ఆ గడ్డకి రక్తం వెళ్ళే దారి మూశారు. తర్వాత ఆపరేషన్. కొన్నేళ్ళు స్కాన్లు తీయించాం. మళ్ళీ రాలేదు.

ఊరు మాత్రం "క్యాన్సర్ శేఖర్" అనే పిలిచింది. రెండు పెళ్ళి సంబంధాలు ఆ పేరు వల్లే పోయాయి.

అన్న దాక్కోలేదు.

ఒక సంత రోజు దోర్లా తెగకి చెందిన ఒక తల్లి కొడుకుతో మా కొట్టుకి ఉప్పు కోసం వచ్చింది. పిల్లాడి చొక్కా మీద రక్తం. అన్న తూకం ఆపి, వాళ్ళ దోర్లీ భాషలో అడిగాడు, ఒక్క వైపేనా అని. ఆమె అవునంది. అంతే, షట్టర్ దించేసి, నాన్న అరుస్తున్నా వినకుండా, వాళ్ళతో పాటు భద్రాచలం బస్సెక్కాడు. ఆ అబ్బాయిదీ అదే గడ్డ. ఇప్పుడు బైలాడీలా ఇనుప గనుల్లో లారీ నడుపుతున్నాడు.

ముక్కులోంచి రక్తం వచ్చిన ప్రతిసారీ గడ్డే అని కాదు. కానీ టీనేజ్ అబ్బాయికి ఒకే వైపు మళ్ళీ మళ్ళీ వస్తూ, ఆ వైపు మూసుకుపోతుంటే ఈఎన్‌టీకి చూపించండి. లోపల కనపడేదాన్ని ఎవరినీ లాగనివ్వకండి. రక్తం ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.

అన్నా, నువ్వు ప్రశాంతంగా పడుకో.

ఊరికి జవాబు నేను చెప్తాను.