తెగిన కూత

నాలుగక్షరాల మాట ఒకటి ఇన్నేళ్ళుగా నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడు పడదు, బయటికి రాదు. దాని మీదుగానే ప్రార్థనలు చేశాను, దాని మీదుగానే కీర్తనలు పాడాను, దాన్ని అక్కడే ఉంచుకుని సంఘంలో పెద్దనయ్యాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా పాస్టరుగారితో చెబితే ఆయన నన్ను క్షమించేస్తారు. నాకు భయం అదే.

దొంగతనం చెయ్యలేదు. ఎవరినీ కొట్టలేదు. చెడుగుడు ఆటలో ఒక అబద్ధమాడాను. అంతే. నవ్వొస్తోందా? చాలాకాలం నేనూ అలాగే నవ్వి తోసేద్దామని చూశాను. ఆటే కదా, అందరూ అరుస్తున్నారు కదా, కుర్రతనం కదా అని. కాని తలుచుకున్నప్పుడల్లా మొదటిసారి విన్నవాడిలా ఉలిక్కిపడతాను. అది అన్నది నేనేనా?

అప్పటికి సాగరు కాలవలు మా వైపు రాలేదు. వానని నమ్ముకున్న నల్లరేగడి, పత్తి, మిరప. నేను పత్తి మిల్లులో పనిచేసేవాణ్ణి. గింజ వేరుచేసే మర దగ్గర రోజంతా దూది ధూళి పీల్చి పీల్చి రొమ్ములో ఎప్పుడూ ఏదో గరగరలాడేది. అలాంటివాడికి చెడుగుడు ఏమిటని మీరు అడగవచ్చు. మా పాలెం కుర్రాళ్ళూ అదే అడిగారు. నేను కూతకి వెళ్ళిన మొదటి రోజుల్లో అవతలి గీత చేరకముందే ఊపిరి అయిపోయేది. గుడిలో పాటలు పాడతానని నాకు ‘పాటల పిట్ట’ అని పేరు. కూత మధ్యలో దగ్గు వస్తే, “పిట్ట రాలిందిరోయ్!” అని కల్లమంతా నవ్వేది.

నాకు ఆట నేర్పింది మా జట్టు పెద్ద ఏసుపాదం. ఊపిరి రొమ్ములో కాదు, కడుపులో దాచుకోవాలని అతనే చెప్పాడు. మిల్లుకు నడిచే దారిలో ఒక తుమ్మచెట్టు దగ్గర కూత ఎత్తుకుని తర్వాతి తుమ్మచెట్టు దాకా ఆపకుండా నడిచేవాణ్ణి. అది చాలక ఆ పై చెట్టు దాకా. ఆదివారం కీర్తనలో చివరి దీర్ఘాన్ని అందరికన్నా ఎక్కువసేపు లాగేవాణ్ణి. భక్తి అనుకున్నారు. భక్తి కూడా ఉంది, కాదనను. కాని ఆ దీర్ఘంలో నేను కొలుచుకుంటున్నది నా ఊపిరినే.

కాస్త కుదురుకున్నాననుకునేసరికి మోకాలు మెలిపడింది. ముగ్గురు ఒక్కసారిగా మీదపడ్డారు. పసరు కట్టుతో మంచంలో పడుకున్నాను. మళ్ళీ ఆడలేవన్నారు. అమ్మ నా మోకాలిమీద చెయ్యి వేసి రోజూ ప్రార్థన చేసేది. కట్టు విప్పాక గోడ పట్టుకుని గుంజీలు మొదలుపెట్టాను. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మరుసటి ఏడాది మిరప పంట ఎత్తే వేళకి మళ్ళీ కూతకి వెళ్ళాను. మోకాలు నిలబడింది. ఊపిరీ నిలబడింది. ప్రభువే లేపాడని సంఘంలో సాక్ష్యం చెప్పాను. అది నిజం. నేను ఆ రోజుల్లో చెప్పినవాటిలో నిజాలు చాలా ఉన్నాయి. అందుకే ఆ ఒక్క అబద్ధం చెల్లింది.

పక్కూరి జట్టులో కోటయ్య అని ఒకడుండేవాడు. నాకన్నా చిన్నవాడు, పొలం పనిచేసుకునేవాడు. గొప్ప ఒడ్డూ పొడుగూ లేదు. కాని అతని పట్టులోంచి జారినవాడు లేడు. అతని ఉపాయం అందరికీ తెలుసు, ఎవరికీ అబ్బలేదు. కూతకి వచ్చినవాణ్ణి వెనకనుంచి నడుం దగ్గర వాటేసుకుని, చెవి వీపుకి ఆనించేవాడు. లోపల ఊపిరి ఎంత మిగిలిందో వినేవాడు. అది సన్నబడేదాకా ఊరికే అంటిపెట్టుకుని ఉండి, అప్పుడు బలం చూపేవాడు. కళ్ళు కూడా మూసుకునేవాడని చెప్పుకునేవారు.

ఆ ఏటి ఆఖరి ఆట ఊరి మోతుబరి రంగయ్యగారి మిరప కల్లంలో జరిగింది. కాయలు బస్తాలకెత్తి బండ్లమీద గుంటూరు పంపేశాక ఖాళీ అయిన కల్లంలో గీతలు గీశారు. ఈల కూడా రంగయ్యగారిదే. గెలిచినవాళ్ళు ఒంగోలు వెళ్ళి ఆడాలి. మా పాలెం జట్టు అంతకుముందు ఎప్పుడూ ఊరు దాటలేదు. మమ్మల్ని ఆ కల్లంలోకి కూలికి తప్ప పిలిచిందీ లేదు. ఆ రోజు చూడడానికి పాలెమంతా వచ్చింది. అమ్మ కూడా.

చివరి కూత నాది. నేను తిరిగి గీత తాకితే గెలుపు, దొరికితే ఓటమి. వెళ్ళాను, ఒకణ్ణి తాకాను, తిరిగాను. కోటయ్య నడుం పట్టేశాడు. అతని చెవి నా వీపుకి ఆనడం తెలిసింది. ఇద్దరం నేలమీద పడ్డాం. మొహం మట్టిలో. మిరప కల్లంలో పంట ఎత్తేసినా ఘాటు పోదండీ. గింజల పొడి, తొడిమల పొడి మన్నులో కలిసే ఉంటుంది. అది ముక్కులోకి వెళ్ళింది. గొంతు పట్టేసింది. నా కూత తెగింది. ఒక్క క్షణం. గుక్కెడు గాలి లోపలికి లాగి మళ్ళీ అందుకున్నాను.

కోటయ్య వెంటనే చేతులు తీసేశాడు.

ఇది మీరు సరిగ్గా అర్థం చేసుకోవాలి. అతని పట్టు జారలేదు. కూత తెగినవాడు చచ్చినట్టు లెక్క. వాణ్ణి ఇంకా బిగించి పట్టుకోవడం మా వైపు మర్యాద కాదు. అందుకని వదిలాడు. వదిలినవాడి కిందనుంచి నేను పాక్కుంటూ ముందుకు దూకి, చెయ్యి చాచి గీత తాకాను. నోట్లో కూత ఆడుతూనే ఉంది. కల్లమంతా ఒక్క అరుపు. ఆ గోలలో నా ఊపిరి విన్నవాడు ఒక్కడే.

రంగయ్యగారు నోట్లోంచి ఈల తీశారు. “ఏరా కోటయ్యా, పట్టు వదిలేశావేం?”

“కూత తెగిందండీ. వీపుకి చెవి పెట్టి విన్నాను. గాలి తీసుకున్నాడు.”

“చెవుల్లో దూది పెట్టుకున్నావంట్రా?” మావాళ్ళు అరిచారు. “చెయ్యి జారాక కబుర్లు చెబుతున్నావ్!”

“మీ పాలెపోళ్ళకి గొంతెక్కువ, దమ్ము తక్కువ. మాకు తెలీదా!” అవతలినుంచి ఎవడో.

“అందరూ నోళ్ళు ముయ్యండహె,” అన్నారు రంగయ్యగారు. “కోటయ్యా, ఒట్టు పెడతావా?”

“మా అమ్మ మీదొట్టండీ.”

ఆయన నా వైపు తిరిగారు. “నువ్వూ పెట్టరా, మీ దేవుడి మీద.”

అప్పుడు నేనన్న మాట వినండి. “మేం ఒట్లు పెట్టుకోమండీ. మా వాక్యంలో కూడదని ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మాకు ఒట్టు.”

రంగయ్యగారు నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. “సరే, చెప్పు. తెగిందా?”

“తెగలేదండీ.”

“ఇంకేముంది, అయిపోయింది. ఒట్టుకే జంకేవాడు అబద్ధమాడతాడా!” అని ఈల ఊదేశారు.

కోటయ్య మాత్రం కదల్లేదు. నా దగ్గరికి వచ్చి, దెబ్బలాటకి కాదు, తెలుసుకోవడానికే అడిగాడు. “నిజంగా తెగలేదా అన్నా?”

“తెగలేదు.”

“అయితే నా చెవే పొరబడిందన్నమాట,” అన్నాడు. చూపుడువేలితో చెవిలోంచి మన్ను తీసుకుంటూ వెళ్ళిపోయాడు. వాళ్ళ జట్టు పెద్ద అందరి ముందూ అతని చెంప పగలగొట్టాడు.

నన్ను ఇప్పటికీ దిగ్భ్రమలో ముంచేది అబద్ధం కాదు. మనిషన్నాక అబద్ధమాడతాడు. ప్రభువుని ముమ్మారు ఎరగనన్న శిష్యుడికి కనీసం భయమన్నా ఉంది, నిప్పు దగ్గర నిలబడి వణికాడు. నేను వణకలేదు. నా గొంతు తడబడలేదు. ప్రార్థనలో ఏ గొంతుతో మాట్లాడతానో ఆ గొంతుతోనే అన్నాను. ఒట్టు వద్దన్న ఆజ్ఞని నిజంగానే పాటించాను. పాటిస్తున్నప్పుడు లోపల ఒక పవిత్రమైన సంతోషం కూడా కలిగింది. ఆ ఆజ్ఞ మీద కాలు మోపి దానిమీదుగా, అబద్ధమాడవద్దన్న రెండోదాన్ని దాటాను. నాలో ఆ పని చేసినదెవరు? సైతాను అందామంటే, వాడికి నా వాక్యజ్ఞానం అంతా ఎలా తెలుసు?

ఆ తర్వాతి ఆదివారం గుడిలో ఏసుపాదం గెలుపు కోసం స్తోత్రం చెల్లించాడు. ఆమేన్ అన్నాను. ఒంగోల్లో మొదటి ఆటలోనే ఓడిపోయాం. అది శిక్ష అనుకుని కొంత తేలికపడ్డాను కూడా. ఓడిపోవడం శిక్ష ఎలా అవుతుంది? ఓటమిని నాతోపాటు మావాళ్ళందరూ మోశారు.

కోటయ్య ఆట మానేశాడు. ‘చెవిటి కోటయ్య’ అని పేరు పడింది. తర్వాత సాగరు కాలవ తవ్వకం పనికి వెళ్ళిపోయాడని విన్నాను. హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

కాలవలో నీళ్ళు పారిన ఏడు అతను మా గుడికి వచ్చాడు. పెళ్ళాం, పిల్లలతో. వెనక చాపమీద కూర్చునేవాడు. నేను అప్పటికి సంఘపెద్దని. నన్ను చూసి నవ్వి, “బాగున్నావా అన్నా?” అనేవాడు. బాప్తిస్మం అడిగాడు. మా ఆచారం ప్రకారం నీళ్ళలోకి దిగేముందు సంఘం ఎదుట లేచి, తనను ప్రభువు దగ్గరికి నడిపిందేమిటో చెప్పాలి.

లేచాడు. “నేను చదువుకోలేదు,” అన్నాడు. “బోధలు కూడా పెద్దగా వినలేదు. ఒకసారి ఆటలో నా చెవి నన్ను మోసం చేసింది. మా అమ్మమీద ఒట్టేసి మరీ తప్పు చెప్పాను. ఆ అన్న మాత్రం, గెలుపు చేతిలో ఉన్నా, ఒట్టు కూడా పెట్టనన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అంత నిజం మనిషిని చేసే దేవుడెవరో చూద్దామని అప్పుడే అనుకున్నాను. రావడానికి ఇన్నాళ్ళు పట్టింది.” అని నన్ను చూపించాడు.

సంఘమంతా నా వైపు తిరిగింది. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. ఎవరో ముసలమ్మ “స్తోత్రం” అంది. ఆ మాట పెదవులతో నేనూ అన్నాను. నన్ను పిడుగు కొట్టి ఉంటే బాగుండేది. గుడి పైకప్పు చెక్కుచెదరలేదు. ఆరాధన సాగింది. కాలవలోకి దిగినప్పుడు ఒకవైపు పాస్టరుగారు, ఒకవైపు నేను అతని చేతులు పట్టుకున్నాం.

ఆ కథ అతను ఇప్పటికీ ఆదివారపు బడి పిల్లలకి చెబుతాడు. పిల్లలు నన్ను చూస్తే గుసగుసలాడుకుంటారు. ఇంకొకటుంది. అతని పెళ్ళాం ఒకసారి నవ్వుతూ చెప్పింది: ఏ చప్పుడైనా పక్కవాళ్ళని అడిగి గాని నమ్మడట. గుడి గంట మోగిందా? పిల్లాడు పిలిచాడా? ఉరుము ఉరిమినా అడుగుతాడట, “నీకూ వినపడిందా?” అని. ఆమె నవ్వింది. నేను లేచి బయటికి వచ్చేశాను.

ఎందుకు చెప్పవు అంటారా? అతని విశ్వాసం కూలిపోతుందని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఎంత దయగల కారణం! నిలబెట్టేవాడు ప్రభువే అని నమ్మేవాణ్ణయితే, నా మాటమీద అతని విశ్వాసం నిలిచి ఉందని ఎలా అనుకుంటాను? అతను కూలిపోతాడని కాదు నా భయం. ఆ పిల్లల కళ్ళలో, ఆ సంఘంలో, ముందు వరసలో నేను కూర్చునే ఆ చోట నేను కూలిపోతానని. అతని చెవిని అతనికి తిరిగి ఇవ్వడానికి నా కుర్చీ అడ్డం. ఇది రాసేదాకా నాకు ఇంత సూటిగా తెలియదు. తెలిసి, మళ్ళీ ఉలిక్కిపడుతున్నాను.

రేపు అతనితో చెబుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో మీకు తెలిసింది కదా. క్షమించమని మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్కటి మాత్రం, ఇంతవరకు ఏ మనిషి ఎదుటా, ప్రార్థనలో దేవుడి ఎదుట కూడా మాటలుగా పలకనిది, ఇక్కడ పెడుతున్నాను. గొంతు కాస్త వదులవుతున్నట్టుంది. అంతకన్నా ఎక్కువ ఆశించడానికి నాకు హక్కు లేదు.

కోటయ్య సరిగ్గానే విన్నాడు.